రైలెక్కేదాకా చల్లదనం

నిన్న సాయంత్రం నంద్యాలలో మా వీధిలోకి దోమల పొగబండి వచ్చింది. ఆ డీజిల్ వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండింది. వెనక వీధిలో ఇద్దరు పిల్లలు జ్వరంతో ఆస్పత్రి పాలయ్యాక వచ్చిన పొగ అది. ముందు రాదు. ఎప్పుడూ రాలేదు. ఇట్లాంటి వాటి మీద కోపం తెచ్చుకోవడం నాకు నేర్పింది ఎస్తేరమ్మ డాక్టరు గారు. అంతకుముందు నా కోపమంతా గంటసేపు బేరమాడి కొనకుండా పోయేవాళ్ళ మీదే ఖర్చయ్యేది.

ఎనభైల మొదట్లో ఆళ్ళగడ్డలో నాది సోడాలు, ఐసు అమ్మే అంగడి. తాత, నాయన, మేనమామలు అందరూ అంగళ్ళవాళ్ళే. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా బేరం నడిచేది. ఆ వానాకాలం చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు జ్వరం పట్టుకుంది. తల కాగిపోయి, ఫిట్స్ వచ్చి, చూస్తుండగానే పోయేవాళ్ళు. అది ఏ వైరస్సో తేలితేనే వచ్చే వానలకు ముందు టీకాలు తెప్పించగలమని మా ఊరి సర్కారు ఆస్పత్రిలో ఉన్న ఎస్తేరమ్మ గారు అనేవారు. తేలాలంటే పిల్లల వెన్నులోంచి తీసిన నీళ్ళు చల్లగా పెద్ద ల్యాబుకు చేరాలి.

ఒక పొద్దున, ఇంకా బోణీ కాకముందే, ఆమె అంగడి ముందు నిలబడ్డారు. అలవాటు కొద్దీ ఐసుకు కొంచెం పెంచే ధర చెప్పాను.

“నాకు ఐసు వద్దప్పా. నంద్యాలలో రైలెక్కేదాకా చల్లదనం కావల్ల. దానికెంతో చెప్పు.”

కరిగితే నష్టం నాది అన్నమాట. అంత గడుసు బేరం మా నాయన కూడా ఆడలేదు. బోణీ బేరం పోగొట్టుకుంటే ఆ రోజంతా గిరాకీ ఉండదని మా నమ్మకం. ఒప్పుకున్నాను. పెట్టెలో వడ్ల ఊక దట్టించి, ఐసు నడుమ ఆ వెన్నునీళ్ళ సీసాలు పెట్టి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమెతో పాటు బస్సెక్కాను. పెళ్ళికూతురును తెస్తున్నట్టుందని కండక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నంద్యాలలో ఆరోగ్యశాఖ ఆఫీసు వాళ్ళు ఆ పెట్టెను సాయంత్రం రైలుకు పంపాలి. అప్పజెప్పాం. సంతకం పెట్టే ఆయన ఇంట్లో ఉన్నాడంటే అక్కడికి పోయాం. తిరిగొచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది. సీసాలు కిటికీలో, ఎండలో. తనిఖీకి ఎవరో పెద్దాయన వచ్చాడట. మా ఐసు ఆయన షర్బత్ గ్లాసులో తేలుతోంది. ఐసు ఫ్యాక్టరీ కూతవేటు దూరమే.

నేను రంకెలేశాను. ఐసుకు దుడ్లు ఇస్తాం, ఎంతో చెప్పమన్నాడు హెడ్డు గుమాస్తా. నా బతుకులో ధర చెప్పకుండా వదిలేసిన బేరం అదొక్కటే.

ఎస్తేరమ్మ గారు గొంతు పెంచలేదు. ఒక సీసా తీసి ఆయన బల్ల మీద పెట్టారు.

“ఐసు మళ్ళీ తెస్తాం సార్. ఈ పిల్లోడు తెల్లారకముందే సచ్చిపోయినాడు. వీని వెన్నునీళ్ళు మళ్ళీ యాడ తెచ్చేది?”

ఇప్పుడు జ్వరాలు తగ్గుతాండాయి కదమ్మా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడాయన.

వచ్చే ఏడు చూశాం. పేరు తేలలేదు కాబట్టి టీకాలు రాలేదు. టీకాలు రాలేదు కాబట్టి పిల్లలు పోయారు. అందరూ దోమల్ని తిట్టారు. నేను తిట్టను, దోమ ఏ ఉద్యోగానికీ జీతం తీసుకోదు.

ఆ తర్వాత ఎస్తేరమ్మ గారు వానల కోసం ఆగలేదు. పిల్లల కంటే ముందు పందుల నెత్తురులో ఆ వైరస్ జాడ దొరుకుతుందని, బదిలీ అయ్యేదాకా ప్రతి ఎండాకాలం పందులవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగారు. వాళ్ళను ఒప్పించే బేరాలు నావి.

ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పటికీ మండుటెండల్లో, వానలకు ముందే, ఆ ఆఫీసుకు పోయి, ఈసారి ఏం సిద్ధం చేశారని అడుగుతాను.

“జ్వరాలింకా రాలేదు కదప్పా, అప్పుడే వచ్చినావేంది?” అంటారు.

“రాలేదు కాబట్టే వచ్చినా” అంటాను. కుర్చీ చూపించరు. నేనే లాక్కుని కూర్చుంటాను.