ఓబులేసు వెనక గోడ

2022లో ధర్మవరంలో ఒక పట్టుమగ్గాల షెడ్డు కొలవడానికి వెళ్లాను. భవనాల కొలతలు తీయడం నా పని. పాత రేకులు తీసేసి ఇనుప ట్రస్సులు, అంటే కప్పును మోసే చట్రాలు, వేయించాలని యజమానురాలు నాగమ్మ ఆలోచన. వాటిని హిందూపురంలో చేయించి తెస్తారు. గోడల కొలత తప్పితే అవి కూర్చోవు.

లేజర్ స్కానర్‌ను స్టాండు మీద పెడితే, తల తిప్పుకుంటూ అన్ని వైపులకూ కిరణాలు పంపి, అవి తిరిగొచ్చే తీరును బట్టి దూరాలు లెక్కగడుతుంది. కోట్ల చుక్కలతో గది మొత్తం కంప్యూటర్లో తయారవుతుంది. దాన్ని పాయింట్ క్లౌడ్ అంటాం. అది తెర మీద తేలివస్తుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మగ్గాలు ఆడుతుండగానే స్కాన్ చేశాను. నిలువు తప్పిన చోటు ఎర్రగా కనిపించేలా రంగులు వేస్తే, పడమటి గోడ నడుమ పెద్ద మచ్చ తేలింది. సున్నం కొట్టిన ఆ రాతిగోడ కంటికి తిన్నగానే ఉంది. తెర మీద మాత్రం బెత్తెడు లోపలికి ఉబ్బి ఉంది.

నాగమ్మకు చెబితే గోడను అరచేత్తో తట్టి చూసింది.

"మా నాయన కట్టించిండేది. బాగానే ఉండాది కదప్పా," అంది. పెళ్లిళ్ల కాలమని, మగ్గాలు ఆపితే నేసేవాళ్లకు కూలి ఉండదని, ఈ అంకెలు తనకు తెలియవని చెప్పింది.

నేను వాదించలేదు. ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి బొమ్మను మెల్లగా తిప్పాను. ఒకచోట ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"ఈడ వంగి కూచ్చోనుండేది ఓబులేసు కదా?"

ఔనన్నాను. ఎన్నో ఏళ్లుగా ఆమె దగ్గర నేస్తున్న మనిషి. వంగిన మెడ, వీపు, అన్నీ చుక్కలే. ఆ వీపు వెనకే ఎరుపు. ఆమె లేచి షెడ్డులోకి పోయింది.

"ఓబులేసూ, లెయ్ నాయనా. ఆ పక్క మగ్గాలన్నీ ఆపండి."

పెనుకొండ నుంచి వచ్చిన మేస్త్రీ గార గీకి రెండు రాళ్లు ఊడదీశాడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. కప్పు మీది నీళ్లు దించే గొట్టం పగిలి, అందులోంచి కారిన వాన నీళ్లు రాళ్ల మధ్య మట్టిని ఏళ్ల తరబడి కడిగేశాయి. మనుషులను దూరం పంపి, ఆ వైపు రేకులు దించి, పై వరసలు విప్పిస్తుండగా, మిగిలిన గోడ తనంతట తానే జారి, ఓబులేసు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంత నిండా పడింది.

దుమ్ము సర్దుకున్నాక ఓబులేసు నా దగ్గరికొచ్చి, "ఆ బొమ్మ నాకూ ఒకసారి చూపీ సార్," అన్నాడు. చూపించాను. తన వీపును తెర మీద వేలితో తడిమి చూసుకున్నాడు.

గోడ తిరిగి కట్టాక మళ్లీ స్కాన్ చేశాం. ఆ కొలతలతో చేసిన ట్రస్సులు సుత్తి దెబ్బ లేకుండా కూర్చున్నాయి.

స్కాన్‌లో పడిన మనుషులను చెత్త చుక్కలని ముందే తుడిచేయడం మా పనిలో అలవాటు. ఇప్పుడు నేను, ఆ కప్పు కింద బతికేవాళ్లు చూసేదాకా, ఒక్క మనిషినీ తుడవను.