పదో అడుగు

మొన్న మదనపల్లె బస్టాండు బయట తోపుడు బండి మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కనిపిస్తే బేరానికి దిగాను. బండాయన చెప్పిన ధర నాకు నచ్చలేదు. అందుకు ప్రత్యేకంగా కారణమేమీ ఉండనక్కరలేదు. ఎవరు ఏ ధర చెప్పినా మొదటిసారి నాకు నచ్చదు, అది నా పుట్టుక. అలవాటు ప్రకారం మొహం ముడుచుకుని, సంచి భుజాన సర్దుకుని, పది అడుగులు నడిచాను. పదో అడుగు దగ్గర "ఇదో అమ్మా, రామ్మా" అనే పిలుపు రావాలి. రాలేదు. ఇంకో రెండడుగులు వేసి, చెప్పు సర్దుకునే మిషతో వంగి వెనక్కి చూస్తే, ఆ పెద్దమనిషి చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోనులో ఏదో చూస్తూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. నేను వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. కడుపులో ఆకలి, ముక్కులో ఉప్పునీళ్ళ ఆవిరి. సిగ్గు విడిచి నా అంతట నేనే వెనక్కి వెళ్ళి ఆయన చెప్పిన ధరకే కొనుక్కున్నాను. బస్సులో కూర్చుని ఒలుస్తుంటే మూడు గింజల కాయ ఒకటి చేతికి తగిలింది. దాన్ని తినబుద్ధి కాక కొంగు చివర ముడివేసుకున్నాను. ఎందుకో చెప్పాలంటే బెంగళూరు దాకా పోవాలి. అంతకంటే ముందు పుంగనూరు దాకా పోవాలి.

పుంగనూరులో మా నాయనది గుడ్డల అంగడి. పక్కనే మా పెదనాయనది ఇంకో గుడ్డల అంగడి. ఇంట్లో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత ప్రేమగా ఉండేవాళ్ళు, అంగడి తలుపులు తెరిచాక మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. నేను మా మెట్టు మీద కూర్చుని, బేరం కుదరక దిగిపోయేవాళ్ళ అడుగులు లెక్కపెట్టేదాన్ని. అది నాకు అప్పజెప్పిన ఉద్యోగం. నాయన దగ్గర దానికొక శాస్త్రమే ఉండేది. మూడో అడుగుకే వెనక్కి తిరిగి చూసేవాళ్ళు ఎలాగూ కొంటారు, పిలవక్కరలేదు. గబగబా దిగిపోయేవాళ్ళు కొనరు, పిలిచినా దండగ. తల తిప్పకుండా, అలాగని తొందరపడకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ పోయేవాళ్ళున్నారే, వాళ్ళతోనే పని. వాళ్ళను సరిగ్గా పదో అడుగు దగ్గర పిలవాలి. తొమ్మిదో అడుగుకు పిలిస్తే మనం లోకువైపోతాం, పదకొండో అడుగుకు పెదనాయన మెట్టు వచ్చేస్తుంది. నేను వేళ్ళు మడుస్తూ పది చూపించగానే నాయన గొంతు సవరించుకునేవాడు. అమ్మేవాళ్ళ పక్కన కూర్చుని అంత నేర్చుకున్నదాన్ని, పెద్దయ్యాక కొనేవాళ్ళ పక్షం చేరిపోయాను. మదనపల్లె కాపురానికి వచ్చిన ఏడాదిలోనే నన్ను చూస్తే కూరగాయలవాళ్ళు తూకంరాయి కింద పెట్టి, నీళ్ళు తాగి, అప్పుడు మాట్లాడేవాళ్ళు.

ఇంత చదివిన నాకు దొరికిన కోడలు, చెప్పిన ధర చేతిలో పెట్టి పైగా నవ్వి వచ్చే మనిషి. కుప్పం పిల్ల. అమ్మానాన్నలు రాళ్ళ క్వారీలో కూలి చేసి చదివించారు. బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం. మా అబ్బాయికీ ఆ ఊళ్ళోనే పని. తెలుగు, అరవం, కన్నడం మూడూ మంచినీళ్ళలా మాట్లాడుతుంది. మూడు భాషలుండీ ఒక్కదాంట్లోనూ బేరమాడదే అని నాకు మొదట్లో ఎంత దిగులో! ఒకసారి అడిగేశాను కూడా. కోపం తెచ్చుకోలేదు. "క్వారీలో పని లేనప్పుడు మా అమ్మ సీతాఫలాలు గంపకెత్తుకోని పోయి అమ్మేది అత్తా. మీ మాదిరి నడిచిపోయే వాళ్ళ వెనకాల పరిగెత్తి పిలుచుకోనొచ్చేది నేనే" అంది. నేను మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టిన పది అడుగులను తను పరిగెత్తి దాటిందన్నమాట.

ఇక మా మనవరాలు. నేను చెప్పేది చాలా ఏళ్ళ కిందటి మాట, అప్పటికి దానికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఇంట్లో గలగలా వాగేది. నా యాసంతా దానికి పట్టింది. గడప దాటితే మాత్రం పెదవులు అతుక్కుపోయేవి. లిఫ్టులో పక్కింటివాళ్ళు "నీ పేరేంటి పాపా?" అంటే తల్లి చీర వెనక దాక్కునేది. బడిలో అయితే ఆరు నెలలుగా ఒక్క మాట లేదు, హాజరు పిలిచినా చెయ్యెత్తడమే. డాక్టరు చూసి చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, తొందరపెట్టకండి అన్నాడు. టీచరమ్మకు అంత ఓపిక లేదు. ఏడాది ఆఖరుకి నోరు విప్పకపోతే మళ్ళీ ఒకటిలోనే కూర్చోబెడతామని చెప్పి పంపింది. మా అబ్బాయి ఆ మాట విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కోడలు మాత్రం "సరే, ఆదివారం యాడికి పోదాం?" అని పిల్లను అడిగింది.

మా కోడలికి బెంగళూరు ఒక పంచాంగం. జనవరి వస్తే లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన, ఎండాకాలం మామిడిపళ్ళ మేళా, వానలు మొదలైతే గొడుగులేసుకుని చెరువు గట్టు మీద కొంగల్ని చూడటం, దసరాకు ఇంటింటి బొమ్మల కొలువు, కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషె, అంటే బసవన్న గుడి ముందు జరిగే వేరుశనక్కాయల జాతర. వారమంతా ఉద్యోగం చేసిన మనిషి ఆదివారం ఒళ్ళు వాల్చకుండా, నీళ్ళ సీసా, టోపీ, పెరుగన్నం డబ్బా సర్దుకుని బస్సెక్కేది. నేను నెలకొకసారి చింతామణి మీదుగా బస్సులో దిగేదాన్ని కనుక చాలా వాటికి నేనూ తోకలా వెళ్ళాను. పూల ప్రదర్శన దగ్గర టికెట్లిచ్చే ఆయనతో "ముగ్గురికీ రెండు టికెట్లియ్యప్పా, నాకు చూపు తక్కువ, సగమే కనపడతాది" అన్నాను. ఆయన నవ్వలేదు. నా వెనక క్యూ మొత్తం నవ్వింది. కోడలు కూడా నవ్వింది, కానీ నన్ను చూసి సిగ్గుపడలేదు. అత్తను పదిమందిలో సొంతం చేసుకుని నవ్విన కోడళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ షికార్లలో తనదొక పద్ధతి ఉండేది. నాకది తెలియడానికి చాలా నెలలు పట్టింది. ఐస్‌క్రీము బండి దగ్గరికి వెళ్ళగానే, ఏది కావాలో పిల్ల చెప్పవలసిన సమయానికి, తను చేతిసంచి తెరిచి ఏదో వెతకడం మొదలుపెట్టేది. తాళాలో, గొడుగో, రుమాలో. అలా వెతుకుతూనే ఉండేది. బండివాడు ఎదురుచూస్తాడు, పిల్ల నిలబడి ఉంటుంది. చివరికి పిల్ల వేలు చూపిస్తుంది, అప్పుడు సంచిలో వస్తువు దొరుకుతుంది. మాట రాలేదని ఒక్కసారి కూడా మొహం చిన్నబుచ్చుకోలేదు. ఈ మనిషికి సంచి సర్దుకోవడం రాదని నేను ఇంటికొచ్చి దాన్ని మూడు అరలుగా సర్ది పెట్టాను కూడా! మరి నేనేం చేసేదాన్నంటే, ఆ ఖాళీలోకి దూరిపోయేదాన్ని. "పాపకు మామిడిపండుది ఇయ్యప్పా, సల్లగా వద్దు" అనేసేదాన్ని. ఐస్‌క్రీము చల్లగా వద్దనడం ఏమిటో నాకే తెలియదు, మౌనం చూస్తే నాకు అంగట్లో గిరాకీ లేనట్టు ఉంటుంది. ఒకరోజు కోడలు మెల్లగా "అత్తా, మీరు కొంచేపు గమ్మనుండండి" అంది. నేను నొచ్చుకుని గమ్మునే ఉన్నాను, బహుశా రెండు నిమిషాలు.

ఆ కార్తీకంలో పరిషెకు వెళ్ళాం. అసలు జాతర సోమవారం, ఆదివారానికే రోడ్డుకు రెండు పక్కలా కాయల రాసులు. పచ్చివి, వేయించినవి, ఉడికించినవి. మట్టి వాసన, పొగ వాసన, పీపీల మోత. మన చేలల్లో దొరికేదాన్ని చూడటానికి నగరమంతా కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. పిల్ల ఎర్ర స్వెట్టరు వేసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఒక రాసి వెనక నా ఈడు ఆవిడ గోనెసంచి మీద కూర్చుని ఉంటే, నాకు వచ్చిన నాలుగు కన్నడం ముక్కల్లో "సేరు ఎష్టమ్మా?" అన్నాను.

"నీ కన్నడం ఇంటే గుళ్ళో బసవన్న లేసి పారిపోతాడు. తెలుగులోనే అడుగు తల్లీ" అంది ఆవిడ.

"యా ఊరమ్మా మీది?"

"పెద్దతిప్పసముద్రం తట్టు పల్లె."

"అట్లయితే మనోళ్ళే! మాది మదనపల్లె. మనోళ్ళకు సెప్పే రేటేనా ఇది?"

"మనోళ్ళయితే ఒక రూపాయి ఎక్కువియ్యాల గానీ, తక్కువడిగేదేందమ్మా?"

"మదనపల్లెలో ఇంత రేటు యాడన్నా ఉండాదా?"

"ఆడనే కొనుక్కోని తినకపోతివా? ఇంత దూరం యాల వస్తివి?"

నా ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకు సరిజోడు దొరికింది! మేమిద్దరం అలా తగులుకుని ఉండగా, ఆవిడ మాట ఆపకుండానే ఒక కాయ చిట్లించి పిల్ల చేతిలో పెట్టింది. పేరు అడగలేదు, ఏ క్లాసని అడగలేదు, ముద్దుగా ఉందని బుగ్గ గిల్లలేదు. "మూడు గింజల కాయ దొరికితే నాకు సూపీ తల్లీ, అది మంచి కాయ" అని మళ్ళీ నా మీదికి తిరిగింది. పిల్ల నా చెయ్యి వదిలి రాసి పక్కన గొంతుక్కూర్చుని వెతకడంలో పడింది. కోడలు రెండు బారల దూరంలో నిలబడి సంచి తెరిచింది.

"లారీ బాడుగ ఇచ్చుకోని వచ్చినాం. రెండు దినాలుగా ఈ గోతాల మీదనే పండుకుంటాండాం. ఈ ఊరి సలి సూసినావా? నేను తగ్గించను" అంది ఆవిడ.

"అట్లయితే నీ కాయలు నువ్వే పెట్టుకో" అని నేను కదిలాను. పిల్లను లేపబోతే లేవలేదు. తల్లి అక్కడే ఉంది కదా, ఈ ఎత్తుకు ఒంటరి నడకే బాగుంటుందని వదిలేశాను. తల తిప్పకుండా, తొందరపడకుండా, చెప్పులు ఈడ్చుకుంటూ, మా నాయన చూస్తే మురిసిపోయేలా నడిచాను. ఎనిమిది. తొమ్మిది. పది. పిలుపు లేదు. పదకొండు. పన్నెండు. జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు. పెద్దతిప్పసముద్రం ఆవిడ నాకంటే గట్టిదని అప్పుడర్థమైంది. పరువుగా వెనక్కి వెళ్ళే దారి ఏదని ఆలోచిస్తూ పదమూడో అడుగు వేశాను.

"అవ్వా!"

పీపీల మోతను చీల్చుకుని వచ్చింది ఆ కేక. తిరిగి చూశాను. మా పిల్ల కాయల రాసి పక్కన నిలబడి, మెడ నరాలు తేలేలా అరుస్తోంది. "అవ్వా! యాడికి పోతాండావు? రా! ఈయమ్మ సెప్పిన రేటుకే తీసుకో! పాపం సలిలో ఈడనే పండుకుంటాండాది!"

చుట్టూ నలుగురూ ఆగి చూశారు. ఒకాయన బెలూన్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ నా బేరాల జీవితంలో చెప్పిన ధరే ఇమ్మని నన్ను వెనక్కి పిలిచినవాళ్ళు లేరు. నా కాళ్ళు ఎలా వెనక్కి నడిచాయో తెలియదు. వెళ్ళేసరికి పిల్ల నన్ను పట్టించుకోవడమే మానేసి, ఆవిడ మొహం మీదికి చెయ్యి చాచి, "ఇదో, మూడు గింజలది" అంటోంది. మా ఇంటివాళ్ళు కాని మనిషితో, కళ్ళలోకి చూస్తూ. ఆవిడకు ఈ సంగతులేవీ తెలియవు. "మంచి లాయరును తోడుకోనొచ్చినావు పోమ్మా, నా తట్టే మాట్లాడతాండాది" అని నవ్వి సేరు నింపింది. నేను ఆవిడ చెప్పిన ధరే ఇచ్చాను. కొసరు అడగాలని నాలుక దురదపెట్టింది, మింగేశాను. ఆవిడే రెండు దోసిళ్ళు పిల్ల టోపీలో పోసింది. కోడలి వైపు చూస్తే, సంచిలో పెట్టిన చెయ్యి అలాగే ఉంది. ఏమీ వెతకడం లేదు.

తిరుగు బస్సులో పిల్ల నా ఒళ్ళో నిద్రపోయాక కోడలు అంది: "అత్తా, ఈ పొద్దు మీరు శానా మంచి పని చేసినారు."

"నేనేం చేసినా? బేరం ఓడిపోతి."

"నడిచిపోయినారు గదా. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి అన్నీ మీరే మాట్లాడేస్తాంటిరి. దానికి పిలవాల్సిన పనే పడలే."

ఆ మాట దెప్పుతూ అనలేదు. మామూలుగా, కిటికీలోంచి గాలి వస్తోందని పిల్ల స్వెట్టరు మెడ దాకా లాగుతూ అంది. ఆ సంచిలో అన్నాళ్ళూ తను వెతుకుతున్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. పక్కనే ఉంటూ దూరంగా జరగడం ఎలాగో తనకు తెలుసు. నాకు తెలిసింది బేరం కోసం నడవడం ఒక్కటే. అమ్మ గంప కోసం ఇంకొకరి అడుగుల వెనక పరిగెత్తిన పిల్లకే ఆ తేడా తెలుస్తుందేమో.

మర్నాడే బడిలో గలగలా మాట్లాడేసిందని రాస్తే అబద్ధమవుతుంది. వారం రోజులు జేబునిండా కాయలు పట్టుకెళ్ళింది. ఒకనాడు పక్క పిల్లను "నీకు మూడు గింజలది వచ్చిందా?" అని అడిగిందట. సెలవులు దాటాక హాజరుకు పలికింది. మార్చిలో రెండో తరగతికి పంపుతున్నట్టు బడి నుంచి కాగితం వచ్చింది. కోడలు ఆ కాగితం నాకు చూపించలేదు. ఈసారి మామిడిపళ్ళ మేళాకు ఎప్పుడొస్తారత్తా అని మాత్రం అడిగింది.

ఇప్పుడా పిల్ల కాలేజీకి వెళ్తోంది. పోయిన కార్తీకంలో పరిషెకు స్నేహితులతో వెళ్ళి, అరచేతిలో మూడు గింజల కాయ పెట్టి ఫోటో పంపింది. కింద "అవ్వా, చెప్పిన రేటుకే కొన్నాను" అని రాసింది. మొన్నటి బస్టాండు కాయ ఇంకా నా కొంగు ముడిలోనే ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ఇవ్వాలి. నడిచి వెళ్ళిపోయే ఎత్తు నాదొక్కదానిదే అనుకున్నాను ఇన్నేళ్ళూ. కాలం నాకంటే గట్టి బేరగత్తె: తల తిప్పలేదు, తొందరపడలేదు, చెప్పులు ఈడ్చుకుంటూ పదో అడుగు ఎప్పుడో దాటిపోయింది, అడిగిన ధరకే ఇస్తాను రమ్మని మెట్టు మీద నుంచి పిలుస్తున్నది ఇప్పుడు నేనే.