దోషాలు చెప్పి ఇల్లమ్మే లచ్చిరాం

జనగామలో ఇళ్లు, జాగాలు అమ్మిపెట్టేవాళ్లకు కొదవ లేదు. హోటల్ బెంచీ మీద పదిమంది కూర్చుంటే సగం మంది వాళ్లే. కానీ దోషాలన్నీ ముందు చెప్పి, ఆ తర్వాత ఇల్లు చూపించేవాణ్ణి మాత్రం లచ్చిరాం ఒక్కణ్ణే చూశాను.

అది పశువుల అంగడి నేర్పిన పద్ధతి. గార్ల దగ్గరి తండాలో పుట్టిన లచ్చిరాం చాలా ఏళ్లు ఎడ్ల బేరాలు కుదిర్చాడు. ఎద్దుకు చెడ్డ సుడి ఉన్నా, పొడిచే గుణమున్నా, పగ్గం చేతికిచ్చే ముందే చెప్పాలి. దాచినవాణ్ణి వచ్చే వారం అంగట్లో ఎవరూ పలకరించరు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాక అతను జాగాల బేరాల్లోకి దిగాడు. సరుకు మారింది గానీ నోరు మారలేదు.

అతని భార్య సంగీత, వెంకట్రాం పటేలు పాత ఇంటి అరుగు మీద టిఫిన్ హోటల్ నడుపుతుంది. డంగుసున్నం గోడలు, టేకు స్తంభాలు, ఎండాకాలంలోనూ చల్లగా ఉండే గదులు. ఇప్పుడు బజారులో జాగాల ధరలు కొండెక్కి కూర్చున్నాయి. ఇంటికి మాత్రం చిల్లిగవ్వ విలువ కట్టరు. చూడవచ్చిన ప్రతివాడూ కూలగొట్టడానికి ఎంతవుతుందనే అడుగుతాడు. అలాంటి ఇల్లు అమ్మిపెట్టమని పటేలు లచ్చిరాంకే అప్పజెప్పాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. మెయిన్ రోడ్డు మీద దుకాణం మడిగె కిరాయికి తీసుకునే తాహతు సంగీతకు లేదు. ఇల్లు కూలితే హోటల్ పోయినట్టే.

"ఇంట్ల దయ్యమున్నదని చెప్పరాదు? ఒక్కడు గూడ కొనడు," అంది సంగీత, నా ముందే.

"లేనిది ఎట్ల జెప్పాలె? ఉన్నయే మస్తున్నయి," అన్నాడు లచ్చిరాం.

నాకు ఒళ్లు మండింది. రోజూ ఆమె చేతి ఇడ్లీ తిని ఆఫీసుకు పోయేవాణ్ణి. "నిజం తిని బతుకుతవా అన్నా?" అన్నాను. నవ్వి, చాయ్ గ్లాసు అందుకున్నాడు.

ఒకరోజు పొద్దున పటేలు వెంట అరుణ అనే ఆమె వచ్చింది. భూపాలపల్లిలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతోందట, ఇక్కడ రెండోది పెట్టాలట. లచ్చిరాం ఆమెను గడప దగ్గరే ఆపాడు.

"మేడం, వానొస్తె ఎనుక అర్ర కురుస్తది. మెట్లకు చెదలు వట్టినయి. కారు లోపటికి రాదు."

పటేలు గట్టిగా దగ్గాడు. లచ్చిరాం ఆగలేదు.

"ఇంకోటున్నది. గీ అరుగు మీది హోటలు నా పెండ్లాందే. ఇల్లు కూలగొడితే ఆమె రోడ్డున వడ్తది. గందుకే మీరు కొనొద్దనే నా మనసుల ఉన్నది. నా మాట నమ్మాల్నో వద్దో మీరే జూస్కోండ్రి."

పటేలు మొహం మాడిపోయింది. నా చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉంది. అరుణ లోపలికి పోయి, గదులన్నీ చూసి, తిరిగొచ్చి బెంచీ మీద కూర్చుంది.

"కూలగొట్టి కొత్తది కట్టేదాంక పిల్లలు ఆగరు. కురిసేది బాగు చేయించుకుంట, మెట్లు మార్పించుకుంట," అంది పటేలుతో. "ఆఖరి దోషం మాత్రం అట్లనే ఉండనియ్యుండ్రి. గంత మంది పిల్లలకు పొద్దున టిఫిన్ ఎవరు వెడ్తరు?"

నేను హమ్మయ్య అనుకునేలోపే సంగీత గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అరుణ ముందుకొచ్చి నిలబడింది.

"ఆయన ఒకటి చెప్పలేదు మేడం. నా చట్నీల కారం ఎక్కువుంటది."