అక్క వెనక్కి తెచ్చినవి

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు మా అమ్మాయి చెప్పింది. రేపల్లె నుంచి బావగారు ముందు దానికే ఫోన్ చేశారు. గుండెపోటు, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. తెనాలిలో మా వంటింటి గుమ్మం పట్టుకుని అది ఏడుస్తుంటే, నాకు దుఃఖం కంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. చెబితే మీరు నన్ను ఏమనుకుంటారో. నేను పోతే ఇది ఇంతగా ఏడుస్తుందా అనుకున్నాను.

అక్కా అని పిలిచేదాన్ని ఆవిడను. ఇస్త్రీ చీర కట్టనిదే వీధిలోకి వచ్చేది కాదు. ఏ కొట్లో ఏది కొన్నా డబ్బు ఇచ్చేముందు, "బాగాలేకపోతే వెనక్కి తీసుకుంటారాండి?" అని నలుగురూ వినేలా అడిగేది. ఫోన్‌లో కంపెనీవాళ్ళతో మాట్లాడితే ముందు అవతలివాళ్ళ పేరు కనుక్కుని, చివరిదాకా ఆ పేరుతోనే పిలిచేది. గొంతు పెంచగా నేను వినలేదు. "మనది మనం అడిగితే తగువు కాదే. వాళ్ళు మర్చిపోయారు, మనం గుర్తుచేస్తున్నాం" అనేది.

అత్తగారు పోయాక ఆవిడ పేరున ఉన్న గ్యాస్ డిపాజిట్ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అక్కకు తట్టింది. ఖాళీ చేసిన ఇంటి కరెంటు డిపాజిట్, రద్దయిన బస్సు టిక్కెట్లు, దేన్నీ వదిలేది కాదు. పక్కనున్న నగరం అనే ఊరి నుంచి కూడా ఆడవాళ్ళు పాడైన మిక్సీలు సంచుల్లో పెట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. మా ఇంట్లో ఏం వచ్చినా మా ఆయన "వదిన్ని అడుగు" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నాకు తెలియక కాదు. కౌంటర్ ముందు నిలబడేసరికి అడగాల్సింది మానేసి ఇంకేదో కొనుక్కుని వచ్చేస్తాను, అంతే.

ఒకసారి ఎవరికీ చెప్పకుండా, మూత సరిగా పట్టని కుక్కర్ని తెనాలి బజారుకు నేనే పట్టుకెళ్ళాను. కొట్టాయన మారు మాట్లాడకుండా డబ్బు తిరిగి ఇచ్చాడు. ఎంత గర్వపడ్డానో. మెట్లు దిగబోతుంటే, "రేపల్లె మేడమ్‌గారి తోడికోడలు కదండి మీరు, ఆవిడ బాగున్నారాండి?" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

రెండేళ్ళ కిందట మా అమ్మాయికి సంబంధం కుదిరి, బాపట్లలో హాలుకు అడ్వాన్స్ ఇచ్చాం. తర్వాత అది ఈ పెళ్ళి వద్దంది. ఆ అబ్బాయి ఫోన్‌లో మాట్లాడే తీరుకు భయం పట్టుకుందట. నాకు చెప్పలేదు. రైలెక్కి రేపల్లె వెళ్ళి పెద్దమ్మకు చెప్పింది. అక్క దాన్ని వెంటబెట్టుకుని వచ్చి మా ఆయనతో మాట్లాడింది. పెళ్ళి ఆగింది. నా కూతురి మనసులో మాట నేను ఇంకొకరి నోటి నుంచి విన్నాను. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హాలువాళ్ళు అడ్వాన్స్ తిరిగి ఇచ్చేది లేదన్నారు. మా ఆయనకు కోపం వచ్చినప్పుడల్లా ఆ డబ్బు పేరుతో పిల్లను సాధించేవారు. అది అన్నం కంచం ముందు నుంచి లేచిపోయేది. అక్క మాత్రం తొందరపడలేదు. పెళ్ళి అనుకున్న రోజు వచ్చాక, నన్నూ పిల్లనూ బాపట్ల తీసుకెళ్ళింది. హాలు నిండా జనం. లోపల వేరేవాళ్ళ పెళ్ళి జరుగుతోంది.

రద్దు చేసుకుంటే డబ్బు రాదని రసీదు మీదే ఉందండి, అన్నాడు మేనేజరు.

"చదివానండి," అంది అక్క. "హాలు ఖాళీగా ఉంటే నేను ఈ మెట్టు ఎక్కేదాన్ని కాదు. ఒకే రోజుకు రెండిళ్ళ దగ్గర తీసుకున్నారు. మాది మాకు ఇచ్చేయండి. కాదంటే వినియోగదారుల కోర్టుకు రాసుకుంటాను, మీరేమీ అనుకోవద్దు."

ఓనరు వచ్చేదాకా కూర్చోమన్నాడు. కూర్చున్నాం. పెళ్ళివారి తరఫు పెద్దాయన చూసి భోజనానికి రమ్మన్నాడు. మేం పెళ్ళికి రాలేదండి, పని మీద వచ్చాం, అంది అక్క. "వచ్చారుగా, తినండమ్మా" అన్నాడాయన. అక్క వెళ్ళి బంతిలో కూర్చుంది. పక్కన మా అమ్మాయి. నాకు ఆకలి లేదని గోడవారగా నిలబడ్డాను. తనకు పెళ్ళి జరగాల్సిన హాల్లో విస్తరి ముందు కూర్చుని, పెద్దమ్మ రెండో బొబ్బట్టు వేయించుకుంటుంటే మా పిల్ల పగలబడి నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. సంతోషం వేసింది. ఆ నవ్వు నా పక్కన కూర్చుని నవ్వింది కాదే అనీ అనిపించింది.

ఓనరు వచ్చాడు. కొంత గునిశాడు, చివరికి ఇచ్చాడు. సాయంత్రం అక్క ఆ డబ్బు మా ఆయన చేతిలో పెట్టి, "ఇక పిల్లను ఏమీ అనకయ్యా" అంది. ఆయన మళ్ళీ అనలేదు. ఆ మాట ఆయనతో అనాల్సింది నేను. ఆవిడ అంది. అందుకు నేను రుణపడి ఉన్నాను, అందుకే కుళ్ళుకున్నాను కూడా.

పెద్దకర్మకు రేపల్లె ఇల్లంతా నాకు తెలియనివాళ్ళే. ఒక్కొక్కరు ఆవిడ తమకు ఏం చేసిపెట్టిందో చెప్పుకుంటుంటే, చచ్చిపోయిన మనిషి మీద కూడా నాకు అసూయ పోలేదు. ఇంత బతుకు నాకెందుకు రాలేదు అనిపించింది. మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తిరుగు రైల్లో మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. భట్టిప్రోలు దాటాక ఊచలకు తల ఆనించి నిద్రపోయింది. చేలగాలికి దాని జడ వీడి, వెంట్రుకలు వచ్చి నా చేతి మీద పడ్డాయి. తెనాలి వచ్చేదాకా నేను ఆ చెయ్యి కదపలేదు.