ఏడుకొండలు బోణీ చుట్టాలు

బెజవాడ వన్ టౌన్‌లో పాతికేళ్ళు గుడ్డల కొట్లో బతికినవాడిని తీసుకెళ్ళి వాటర్ పార్కు టికెట్ కౌంటర్లో కూర్చోబెడితే ఏమవుతుందో సింధూరికి తెలియదు. తెలిసుంటే ఏడుకొండల్ని ఆ కుర్చీ దరిదాపులకు కూడా రానిచ్చేది కాదు.

మనిషి బంగారం, అందులో రెండో మాట లేదు. పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టాడు. పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి హోల్‌సేల్ కొట్లో చేరాడు. అతను చీర మడత విప్పితే కొనకుండా లేచిన ఆడమనిషి లేదని చెప్పుకునేవాళ్ళు. కాస్త ఎక్కువే చెప్పుకునేవాళ్ళనుకోండి. ఉన్నట్టుండి యజమాని కొడుకులు కొట్టు ఎత్తేసి రియల్ ఎస్టేట్‌లోకి దిగారు. యాభై దాటిన వయసులో ఏడుకొండలు రోడ్డున పడ్డాడు. భార్య చౌడేశ్వరి తెలిసినవాళ్ళందరి కాళ్ళావేళ్ళా పడి, మైలవరం రోడ్డులో ఉన్న అలలపురి వాటర్ పార్కులో ఈ ఉద్యోగం వేయించింది. ఆ పార్కు రామకోటేశ్వరరావుగారిది. ఒకప్పటి మామిడితోటే ఇప్పటి పార్కు. నడిపేది మాత్రం ఆయన కూతురు సింధూరి.

అలలపురిలో సీజన్ పాసు రెండున్నర వేలు. తీసుకుంటే వచ్చే మార్చి ఆఖరుదాకా ఎన్నిసార్లైనా రావచ్చు, జారొచ్చు, మునగొచ్చు. వ్యాపారం బాగానే సాగుతుండగా పామర్రు వైపు వరిచేల మధ్య వండర్ తీరం అని ఇంకో పార్కు లేచింది. వాళ్ళు పాసు రెండు వేలే అన్నారు. సింధూరి పద్దెనిమిది వందలంది. వాళ్ళు పదిహేను వందలకు దిగి, పైగా పుట్టినరోజు నాడు కేకు ఉచితమని ఫ్లెక్సీలు కట్టారు.

"ఇక మనం దిగేది లేదు. పాసు చవగ్గా ఇచ్చి, లోపల సమోసాల మీదా లాకర్ల మీదా లాగుదామని వాళ్ళ ప్లాను. అలా దిగుతూ పోతే ఇద్దరం మునుగుతాం. బోర్డు మీదున్న రేటే మన రేటు. బేరాల్లేవు, అర్థమైంది కదండీ ఏడుకొండలుగారూ" అంది సింధూరి.

అర్థమైందన్నాడు. నిజంగానే అర్థమైంది, పాపం. కానీ మర్నాడు పొద్దున్నే గేటు తీసీ తీయగానే మైలవరం నుంచి సంపూర్ణమ్మ దిగింది. అరవై దాటిన పెద్దావిడ. మొగుడు పోయాక రెండెకరాలూ కౌలుకిచ్చి మనవలతో కాలక్షేపం చేస్తోంది. ఆ మనవలు ముగ్గురూ తలో పక్కా కొంగు పట్టుకుని వేలాడుతున్నారు.

"ఏమయ్యా, వండర్ తీరంలో పదిహేనొందలంట. నువ్వెంతకిస్తావ్?"

"ఫిక్స్‌డ్ రేటండీ. పద్దెనిమిదొందలు."

"ఫిక్స్‌డా. అయితే వస్తానయ్యా" అని వెనక్కి తిరిగింది.

ఏడుకొండలు ప్రాణం విలవిల్లాడింది. బోణీ బేరం వెనక్కి పోతోంది. వన్ టౌన్‌లో పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని ఎవరూ వట్టి చేతులతో పంపరు. అసలుకైనా ఇస్తారు, అవసరమైతే నష్టానికైనా ఇస్తారు. బోణీ చెడితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందేనని వాళ్ళ నమ్మకం. పాతికేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే తన్నుకొచ్చింది.

"ఆగక్కా" అన్నాడు.

సంపూర్ణమ్మ ఆగింది. ఇప్పుడేం చేయాలి? కంప్యూటర్లో స్టాఫ్ ఫ్యామిలీ రేటు అని ఒకటుంది. ఉద్యోగి తన చుట్టాలకు పాసు తగ్గింపు ధరకి ఇప్పించుకోవచ్చు. నొక్కితే, వచ్చినవాళ్ళు మీకేమవుతారని అడుగుతుంది. ఇప్పుడే కదా అక్కా అన్నాను అనుకున్నాడు ఏడుకొండలు. అక్క అని కొట్టాడు. అందులో అతనికి అబద్ధమేమీ కనబడలేదు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని కూడా అక్కా, పిన్నీ, వదినా అనకుండా మనం బస్సులో సీటైనా అడగలేం కదా. ఆవిడకీ పిల్లలకీ కలిపి నాలుగు పాసులు, పన్నెండొందల చొప్పున పడ్డాయి. సంపూర్ణమ్మ ఫోన్‌తో డబ్బు కొట్టగానే, నోట్లు లేవు కాబట్టి ఆ స్కానర్ బోర్డునే తీసి కళ్ళకద్దుకున్నాడు.

ఆ రోజు కౌంటర్ దగ్గర జనం విరగబడ్డారు. అది ఆదివారమన్న సంగతి ఏడుకొండలు లెక్కలోకి తీసుకోలేదు. బోణీ మహత్యమే అనుకున్నాడు.

అక్కడి నుంచీ రోజుకో చుట్టం. మొదట వచ్చినవాళ్ళకే, మిగతావాళ్ళకి బోర్డు రేటే. నూజివీడు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు డేనియల్ బావ అయ్యాడు. ఆయన భార్య చెల్లెలైంది. ఒకావిడ మేనత్త అయ్యింది, ఇంకొకాయన ఏకంగా వియ్యంకుడే అయ్యాడు. ఏడుకొండలుకి పెళ్ళీడు పిల్లలే లేరు. విచిత్రమేమిటంటే ఈ చుట్టాలు పాసు తీసుకుని ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ వచ్చారు. వచ్చినప్పుడల్లా కౌంటర్ దగ్గర ఆగి "ఏం బావా, భోంచేశావా" అని పలకరించి మరీ లోపలికి వెళ్ళేవాళ్ళు.

సంపూర్ణమ్మ సంగతి వేరు. ఆవిడ నీళ్ళలో కాలు పెట్టదు. పిల్లల్ని జారుడుబల్లల మీదికి తోలేసి, గేటు దాటగానే కౌంటర్ వెనక కిటికీ పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చునేది. జనం పల్చబడ్డప్పుడల్లా ఏడుకొండలు అటు తిరిగేవాడు. కౌలుదారు మోసం, కోడలి మోకాలి నొప్పి, పెడనలో ఆగిపోయిన మగ్గాలు, అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఏడుకొండలుకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ ముచ్చట అతనికి ఈ వయసులో తీరింది.

పీకల మీదికి తెచ్చింది కూడా ఆవిడే. బయటి తిండి లోపలికి తేకూడదు కదా. ఫిబ్రవరిలో ఒకరోజు గోంగూర పచ్చడి డబ్బాతో వస్తే సెక్యూరిటీ ఆపాడు. సరిగ్గా అప్పుడే సింధూరి అటు వచ్చింది.

"మా తమ్ముడికమ్మా. కౌంటర్లో ఉంటాడే, ఏడుకొండలు" అంది సంపూర్ణమ్మ.

"మీరు ఆయన సొంత అక్కగారా?"

"సొంతమే. ఇంటిపేర్లు కలవవంతే."

సింధూరి తిన్నగా వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. చూసినకొద్దీ ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "ఏడుకొండలుగారూ, మీ నాన్నగారికి అసలు ఎంతమంది పిల్లలండీ?" అనడిగింది.

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. బోణీ గురించి చెప్పాడు, అక్కా అని పిలిచాకే అక్క అని కొట్టానన్నాడు. సింధూరికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చివరికి కోపమే గెలిచింది.

"ఇవాళ్టితో ఆ బటన్ తీయించేస్తున్నా. ఏప్రిల్ ఒకటిన కొత్త పాసులు. మీ చుట్టాలు బోర్డు రేటుకి వచ్చారా, ఈ కౌంటరుంటుంది, మీరూ ఉంటారు. రాలేదంటే ఇక్కడ టికెట్ మిషన్ పెట్టించేస్తా. నన్నేమీ అనుకోవద్దు" అంది.

ఇంటికొచ్చి చెబితే చౌడేశ్వరి తల పట్టుకుంది. "ఏవండీ, అందరికీ తలా ఒక ఫోను చేయండి. ఉద్యోగం పోయేట్టుందని చెబితే రాకుండా ఉంటారా?"

"చెబితే వస్తారు. అది పాసు కొనడం కాదు, నాకు చందా వేయడం. నేను చేయను."

అసలు బాధ అది కూడా కాదు. ఉద్యోగం పోతే ఇంకో కొట్టు దొరకదా. ఇన్నాళ్ళూ వాళ్ళంతా వచ్చింది చౌక పాసు కోసమేనా అన్న అనుమానం అతన్ని తొలిచేస్తోంది. ఆ అనుమానం పెట్టుకుని అన్నం కూడా సరిగ్గా తినలేదు. మార్చి ఆఖర్లో వండర్ తీరం వాళ్ళు పాసు తొమ్మిది వందలకే అని పేపర్లో వేశారు. అది చూశాక ఏడుకొండలు ఆశ వదిలేసుకున్నాడు.

ఏప్రిల్ ఒకటిన గేటు తీసేసరికి సంపూర్ణమ్మ ఒక్కతే నిలబడి ఉంది. వెంట మనవల్లేరు. ఆ రోజు లెక్క కళ్ళారా చూద్దామని సింధూరి కాఫీ గ్లాసు పట్టుకుని వెనకే నిలబడింది.

"పద్దెనిమిదొందలేనా?" అంది సంపూర్ణమ్మ బోర్డు చూసి.

అవునక్కా అంటే సరిపోయేది. తన ఉద్యోగం ఆ ఒక్క మాట మీదుంది. అనలేకపోయాడు.

"అక్కా, వండర్ తీరంలో సగానికే ఇస్తున్నారు. జారుడుబల్లలు కూడా కొత్తవి. పిల్లలకి అక్కడే తీసుకో."

సింధూరి కాఫీ తాగడం ఆపేసింది.

"తెలుసు. నిన్ననే తీసుకున్నా, ముగ్గురికీ" అంది సంపూర్ణమ్మ.

"మంచిపని చేశావక్కా" అన్నాడు ఏడుకొండలు ఎలాగో.

"ఇది నాకు. ఒక్కటి కొట్టు." ఫోను తీసి స్కానర్ ముందు పెట్టింది.

"నీకెందుకక్కా? నువ్వు నీళ్ళలోకే దిగవు కదా."

"పాసు లేకపోతే ఆ గేటు దగ్గరవాడు నన్ను బల్ల దాకా రానిస్తాడా? నీతో నాలుగు మాటలు మాట్లాడాలంటే రోడ్డు మీద నిలబడనా?"

ఏడుకొండలు పాసు కొట్టాడు. బేరమాడుతుందేమోనని చూశాడు. ఆడలేదు, మొత్తం కొట్టేసింది. ఆవిడ లోపలికి వెళ్ళాక సింధూరి దగ్గరికొచ్చింది.

"బోణీ మనిషిని పోటీ పార్కుకి పొమ్మన్నారేంటండీ?"

"అక్కా అన్నాను కదమ్మా. తెలిసి తెలిసి ఎక్కువ రేటు ఎలా చెప్పను?"

సింధూరి కాఫీ గ్లాసుతో లోపలికి పోయింది.

సాయంత్రానికి చుట్టాల్లో సగం మంది వచ్చి బోర్డు రేటుకే తీసుకున్నారు. డేనియల్ బావ వచ్చాడు. వియ్యంకుడు రాలేదు. కౌంటర్ కట్టేసే వేళకి సింధూరి వచ్చి, మిషన్ కంపెనీకి ఈ ఏడు వద్దని ఫోన్ చేసేశానని, రేపు పెందలాడే రమ్మని చెప్పింది.

ఇంటికెళ్ళగానే చౌడేశ్వరి ఎదురొచ్చింది. "ఉద్యోగం ఉందా, పోయిందా?"

"ఉంది."

"అందరూ వచ్చారా?"

"సగం మంది. మిగతావాళ్ళు చౌకగా దొరికినచోట కొనుక్కున్నారు. నేనైనా అదే చేసేవాణ్ణి." అని చెప్పులు విప్పి, అరుగు మీద కూలబడి, ఏడుకొండలు చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

ఆవిడ కంగారుపడింది. "ఉద్యోగం ఉందంటిరి కదా, మరి ఏడుపెందుకు?"

"అది కాదే" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నాతో మాట్లాడడానికి ఒక మనిషి డబ్బు పెట్టి పాసు కొనుక్కుందే."