మా బావ ఎక్కిళ్ళు

ఒక మాట నా గొంతులో ఏళ్ళ తరబడి అడ్డం పడి ఉంది. నా పిల్లలకు చెప్పలేదు. నా భర్తకూ చెప్పలేదు, ఆయన పోయేదాకా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు, అందుకే మీకు చెబుతున్నాను. చెప్పడం అయ్యాక నన్ను ఓదార్చవద్దు. ఓదార్పుకు తగిన పని కాదు నేను చేసింది.

మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. పెళ్ళయి గోదావరిఖని వచ్చేసరికి ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు, నా భర్త, ఆయన అన్న. ఇద్దరూ బొగ్గుబాయిలో దిగేవాళ్ళే. బావ భార్య లచ్చవ్వ నేను కాపురానికి రాకముందే జ్వరంతో పోయింది. ఆమె ముఖం కూడా నేనెరుగను. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ ఆమె దగ్గరికి వస్తాను. ఇంటి పెత్తనమంతా బావది. నా భర్త అన్న ముందు నోరెత్తేవాడు కాదు.

నాకు ఏడో నెల. ఎంత తిన్నా ఆకలి. నన్ను చూడటానికి మా నాన్న పెసర్ల మూట నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చాడు. మగవాళ్ళు ముందు గదిలో తింటున్నారు, నేను వంటింటి గడప పక్కన నా పళ్ళెం పెట్టుకున్నాను. బావ నావైపు చూసి నా ముద్దలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పైకే. పది, పదకొండు, పన్నెండు. తర్వాత మా నాన్నవైపు తిరిగి నవ్వాడు. "మామా, బిడ్డను తోలిచ్చినవా, బర్రెను తోలిచ్చినవా?"

అతనికది వేళాకోళం. మా నాన్న చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. సగం అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కొని, చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ వచ్చిన వానాకాలంలోనే పోయాడు. కబురు అంది నేను వెళ్ళేసరికి దహనం కూడా అయిపోయింది. నేను బావను ఒక్క మాట అనలేదు. వేళకు వండాను, వడ్డించాను. లోపల మాత్రం ఒకటే అనుకున్నాను, నువ్వూ ఒకనాడు పదిమందిలో విస్తరి ముందునుంచి లేస్తావు, నేను చూస్తాను అని.

నాలుగేళ్ళు గడిచాయి. బావకు కడుపులో పుండు పడింది. నెత్తురు కక్కుకున్నాడు. వరంగల్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి కడుపు చాలామట్టుకు కోసి తీసేశారు. పిడికెడు మిగిలిందని డాక్టర్ తన పిడికిలి మూసి మాకు చూపించాడు. కొంచెం కొంచెం, రోజుకు ఆరుసార్లు పెట్టాలన్నాడు. తీపి తగ్గించమన్నాడు. ఎక్కువైతే చెమటలు పట్టి పడిపోతాడన్నాడు.

పెట్టేది ఎవరు? నేనే.

వింత ఏమిటంటే, ఆపరేషన్ తర్వాత బావకు కడుపు నిండటం తెలియకుండా పోయింది. మీకూ నాకూ నిండితే కడుపులో తెలుస్తుంది, చాలనిపిస్తుంది. అతనికి అది లేదు. గిన్నె ముందుంటే తింటూనే ఉండేవాడు, కాసేపటికి ముఖం పాలిపోయి వాంతి చేసుకునేవాడు. పది పదిహేను రోజులు గమనించాక నాకు అంతుపట్టింది. నిండగానే అతనికి ఎక్కిళ్ళు వచ్చేవి. చిన్నవి, మూడు. కడుపు చెప్పాల్సిన మాట గొంతు చెప్పేది. మూడో ఎక్కిలికి పళ్ళెం తీసేస్తే ఏమీ కాదు, ఇంకో నాలుగు ముద్దలు పెడితే పడిపోతాడు.

అతను ఆ ఎక్కిళ్ళను వేరేగా అనుకున్నాడు. ఎవరైనా తలుచుకుంటే ఎక్కిళ్ళు వస్తాయి కదా మనకు. బావను తలుచుకునేవాళ్ళెవరున్నారు? "లచ్చవ్వ తలుసుకుంటాంది" అని కళ్ళు తుడుచుకునేవాడు. నేను అప్పుడే చెప్పి ఉండొచ్చు. బావా, అది నీ కడుపు, నిండినట్టు గుర్తు అని. ఎందుకు చెప్పలేదు? మొదట్లో జాలి అనుకున్నాను, చచ్చిన భార్య జ్ఞాపకాన్ని ఎందుకు లాక్కోవడం అని. అబద్ధం. అతని కడుపు తాళంచెవి నా దగ్గర ఉండటం నాకు ఇష్టమైంది. నా ముద్దలు లెక్కపెట్టిన మనిషి, ఇప్పుడు ఇంకో ముద్ద తినాలా వద్దా అని నా ముఖం చూసేవాడు. "నీకెట్ల ఎరుకైతదే?" అని అడిగితే, "సూస్తే ఎరుకైతది బావా" అనేదాన్ని.

కోలుకున్నాక అతన్ని బాయిలోకి దింపలేదు, పైన తేలిక పని ఇచ్చారు. అప్పుడే నస్పూర్ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల కూడా మొదటి మగడు పోయినామె, నెమ్మదస్తురాలని చెప్పారు. ఆమె తండ్రి, అన్నలు అందరూ బాయి పనివాళ్ళు. వాళ్ళకు ఒక్కటే అనుమానం, పైన డ్యూటీ ఇచ్చారంటే మనిషి పనికొస్తాడా, రాడా? బాయి పనివాళ్ళు మనిషి సత్తువ తిండిలో చూస్తారు. బాగా తింటే బాగా తట్ట మోస్తాడని లెక్క. మాటలు మాట్లాడుకోవడానికి భోజనానికి పిలిచారు. అది పరీక్షేనని మా అందరికీ తెలుసు.

బయలుదేరేముందు బావ నన్ను పక్కకు పిలిచాడు. అతను నన్ను బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు. "నువ్వే వడ్డియ్యి. నాకు ఎదురుంగ నిలబడు. చాలనంగనె కొంగు నెత్తిమీదికి గుంజుకో. నేను జూసి చెయ్యి ఆపుత." సరేనన్నాను.

పట్టపగలు, నస్పూర్‌లో వాళ్ళ ఇంటి ముందు పందిరి కింద భోజనాల బంతి వేశారు. మేక కూర, బగారన్నం, నెయ్యి పోసిన బచ్చాలు, అంటే బొబ్బట్లు. పదిహేనుమంది మగవాళ్ళు, అందరి చూపూ బావ విస్తరి మీదే. వాళ్ళింటి ఆడవాళ్ళతోపాటు నేనూ వడ్డిస్తానని కూర గిన్నె పట్టుకొని అతనికి ఎదురుగా నిలబడ్డాను. మెల్లగా తిన్నాడు, జాగ్రత్తగా. మొదటి ఎక్కిలి వచ్చింది. రెండోది. మూడోది. అతను తలెత్తి నన్ను చూశాడు.

నా కొంగు భుజం మీదే ఉంది. నా కుడి చెయ్యి ఖాళీగానే ఉంది, గిన్నె ఎడమ చేతిలో ఉంది. లాగడానికి ఎంతసేపు?

పిల్ల తండ్రి పెద్దగా నవ్వాడు. "ఇంకెవలు తలుసుకుంటరయ్యా, లోపల మా పిల్లనే! పెట్టుండ్రి, పెట్టుండ్రి!" అందరూ నవ్వారు. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. బావ సిగ్గుపడ్డాడు. నిజంగా సిగ్గుపడ్డాడు, పెళ్ళికొడుకులాగా. మళ్ళీ నన్ను చూశాడు. నేను కూర గిన్నె కింద పెట్టి, బచ్చాల పళ్ళెం అందుకొని, ఒకటి కాదు, రెండు వేశాను. పైన నెయ్యి నేనే పోశాను. నేను ఆపలేదు కాబట్టి ఇంకా చోటుందని నమ్మాడు. తిన్నాడు.

రెండోది పూర్తికాకుండానే నుదుటి మీద చెమట పోసింది. పెదాలు తెల్లబడ్డాయి. లేవబోయి, లేవలేక, విస్తరిలోనే కక్కుకొని పక్కకు ఒరిగిపోయాడు. ఆడవాళ్ళు అరిచారు. పక్కన కూర్చున్నవాళ్ళు విస్తర్లు వదిలేసి లేచారు. నాకేమనిపించిందో చెప్పాలి కదా. మా నాన్న కనిపించాడు, చెప్పులేసుకుంటూ. చల్లగా అనిపించింది నాకు. కడుపునిండా తిన్నట్టు అనిపించింది.

బావ ప్రాణానికి ఏమీ కాలేదు. సంబంధం మాత్రం అక్కడితో సరి. కడుపే లేని మనిషికి పిల్లనెట్లా ఇస్తామన్నారు. ఆ మాట గోదావరిఖని అంతా పాకింది, ఇంకెవరూ పిల్లనివ్వడానికి రాలేదు.

రెండు రోజుల తర్వాత మంచం మీదనుంచి అడిగాడు. "కొంగెందుకు గుంజలేదే?"

"జనం అడ్డమచ్చిండ్రు బావా. నాకు కనవడలే."

అతను గోడవైపు తిరిగాడు. "నీ తప్పేం లేదు తియ్యి. లచ్చవ్వకు ఇష్టం లేదు. గందుకే ఎక్కిళ్ళతోని అడ్డం పడ్డది. నాకు మల్ల పెండ్లి వద్దు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పగ తీరింది కదా, ఇంకేం కావాలి నాకు? అతను కోపపడితే, కొడితే, నా లెక్క నాకు సరిపోయేది. అతను నన్ను నమ్మాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నా చేతి అన్నమే తిన్నాడు, ఒంటరిగా, గోడవైపు తిరిగి. ఎవరింట బంతికి పిలిచినా పోలేదు. ఎక్కిలి రాగానే భయంగా చెయ్యి వెనక్కి తీసుకొని, "ఇగ తినలే, ఊకో" అనేవాడు, లచ్చవ్వతో. అంతకుముందు ప్రేమగా తలుచుకున్న ఆడమనిషికి భయపడుతూ బతికాడు. నేను ఎన్నడూ చూడని ఆమె మీద నా నేరం మోపాను, ఆమె మోసింది.

అది మా నాన్న కోసం చేశానని చెప్పుకుంటూ వచ్చాను. మా నాన్న అలాంటి పని చెయ్యమని అనేవాడా? పగవాడి ఇంట్లో కూడా పెసర్ల మూట వెనక్కి తీసుకుపోకుండా వదిలి వెళ్ళిన మనిషి ఆయన. నేను నా కోసమే చేశాను. పశ్చాత్తాపపడుతున్నానా? బావ గోడవైపు తిరిగి తినడం తలుచుకుంటే గుండె పిండినట్టవుతుంది. కానీ ఆ పందిరి కింద అతను ఒరిగిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ, ఈ వయసులో కూడా, ముందు తీపే తగులుతుంది. సిగ్గు ఆ తర్వాత వస్తుంది. ఎన్ని దీపాలు పెట్టినా ఆ వరుస మారలేదు.

బావ ఇప్పుడు లేడు, చెప్పినా వినేవాడు లేడు. మీరైనా వినండి. ఆ బంతిలో అతన్ని తలుచుకుంటున్నది లోపలి పిల్ల కాదు, లచ్చవ్వ కాదు. ఎదురుగా నిలబడ్డ నేనే.