జిగురు బాబాయి అతికించిన పువ్వు

ఎండిన మొక్కలను పేర్లవారీగా దాచిపెట్టే ఆ మూడంతస్తుల భవనంలో జిగురు బాబాయికి తెలియని బీరువా లేదు. ఆయన పని చెప్పుకోవడానికి చిన్నదే. ఎవరో అడవుల్లో కోసి, పాత పేపర్ల మడతల్లో నొక్కి ఎండబెట్టి పంపిన కొమ్మలను దళసరి తెల్ల అట్టల మీద పొందిగ్గా అమర్చి, జిగురు రాసి, కణుపుల దగ్గర దారంతో కుట్టడం. చేసింది మాత్రం చిన్నది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన అతికించిన అట్టలన్నీ నేల మీద పరిస్తే ఒక మోస్తరు దేశానికి దుప్పటి కప్పినట్టే. ఇక ఆయన కలిపే జిగురు సంగతి వేరే చెప్పాలా? ఒకసారి కొత్తగా వచ్చిన పెద్ద అధికారి తెలియక తడి అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. బదిలీ ఉత్తర్వులు వచ్చేదాకా ఆ చెయ్యి ఊడి రాలేదు. నమ్మనివాళ్లు వెళ్లి ఆ అట్ట చూసుకోవచ్చు, అయిదు వేళ్ల అచ్చూ అలాగే ఉంది.

అంతటి మనిషి భార్య పోయిన రెండు వారాలకు పనిలోకి వచ్చి తన బల్ల ముందు కూర్చున్నాడు. ఏడవలేదు. భవనమంతా ఎదురుచూసింది. పుస్తకాల గది గుమాస్తా అయితే ఇస్త్రీ రుమాలు జేబులో పెట్టుకుని వారం రోజులు ఆయన వెనకే తిరిగి, విసుగొచ్చి చివరికి తన ముక్కే తుడుచుకున్నాడు. బాబాయికి దుఃఖం రాలేదు, ఆకలీ రాలేదు, కోపమూ రాలేదు. పన్ను పీకేముందు దవడకు ఇచ్చే సూదిమందును ఎవరో మనిషి మొత్తానికి ఇచ్చి వెళ్లిపోయినట్టుండేది. చేతులు మాత్రం పని చేస్తుండేవి.

ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక శుక్రవారం డాక్టరమ్మ కబురు పెట్టింది. డాక్టరమ్మంటే జ్వరాలు చూసే డాక్టరు కాదు, ఏ మొక్క ఏ కుటుంబానిదో తేల్చే పరిశోధకురాలు. పై అంతస్తులో ఆమె గదిలో కంప్యూటరు తెర నిండా ఒక ఎండు పువ్వు, తాంబాళమంత.

"బాబాయ్, ఇలా రండి. ఆర్నెల్లుగా దీంతోనే కాపురం చేస్తున్నా. ఆకుముక్క పరీక్షకి పంపితే మనకి తెలిసిన తుప్పకే దగ్గర చుట్టమని వచ్చింది. కానీ పువ్వు చూడండి, వెనక ఈ తోక! ఆ చుట్టాల్లో ఎవరికీ లేదు."

"మా బావమరిదీ అంతే. ఆ ఇంట్లో ఎవరికీ లేని తోక వాడొక్కడికే ఉంది," అన్నాడు బాబాయి. లోపల ఏమీ లేకపోయినా జోకులు మాత్రం అలవాటు కొద్దీ నోట్లోంచి జారిపడుతుండేవి.

ఆమె పడీపడీ నవ్వింది. "కొత్త జాతి బాబాయ్! సోమవారం వ్యాసం పంపేస్తున్నా. ఈ అట్టే సాక్ష్యం. రేపు ప్రపంచంలో ఎవరికి అనుమానమొచ్చినా మీరు అతికించిన ఈ ఒక్క అట్ట దగ్గరికే రావాలి."

"ఒక్కటేనా? మళ్లీ వెళ్లి కోసుకొస్తే సరిపోదూ?"

"ఎక్కడికెళ్తాం? ఆ కొండవాలు ఇప్పుడు ఆనకట్ట నీళ్లకింద ఉంది." ఆమె కుర్చీ ఇటు తిప్పింది. "పిన్ని పేరేంటి బాబాయ్?"

ఆయన చెప్పాడు. ఎనిమిది నెలల్లో ఆ పేరు పైకి అనడం అదే మొదలు.

"ఆ పేరే పెడుతున్నా. లాటిన్‌లోకి తిప్పాలంటే చివర్లో కొంచెం సాగదీస్తాం, అంతే. మీ పేరు పెడదామంటే ఎలాగూ ఒప్పుకోరు. పిన్ని పేరు పుస్తకాల్లో ఎప్పటికీ ఉంటుంది."

ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి బాబాయి అట్ట చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు అలవాటుగా మూలకు పోయాయి.

అట్ట మూలన ఉండాల్సిన సంచి లేదు. ఆ పనిలో అది మొదటి పాఠం. కొమ్మ నుంచి రాలిన పువ్వునో గింజనో తిరిగి కొమ్మకు అతికించకూడదు. చిన్న కాగితం సంచిలో వేసి అట్ట మూలన అంటించాలి. ఇక్కడ సంచి లేదు సరికదా, పువ్వు కాడ దగ్గర ఆవగింజంత జిగురు బొట్టు ఉంది. అతుకు ఎంత నైపుణ్యంగా ఉందంటే ఆర్నెల్లు భూతద్దం పెట్టి చూసిన డాక్టరమ్మకే తెలియలేదు. అది ఎవరి చెయ్యో బాబాయికి తెలుసు.

అది తిరిగి పనిలోకొచ్చిన మొదటి రోజు. బల్ల మీద రెండు మడతలు విప్పి ఉన్నాయి. మధ్యలో ఒక పువ్వు పడి ఉంది. ఎటునుంచి రాలిందో చూడలేదు. ఒక కొమ్మ బోసిగా కనిపించింది. దాని మీద పెట్టాడు.

"బాగుంది," అని అట్ట కింద పెట్టి వచ్చేశాడు.

సాయంత్రం కంచం ముందు సంగతంతా అక్కకు చెప్పాడు. మరదలు పోయిన దగ్గర్నుంచీ తమ్ముడి వంటిల్లు ఆవిడ చేతిలోనే ఉంది.

"అయితే ఇప్పుడు చెప్తే?"

"పేరు పోతుంది."

"చెప్పకపోతే?"

"ఉంటుంది."

"మరింకేం! నోరు మూసుకుని తిను. మొక్కొచ్చి దెబ్బలాడుతుందా? ఉన్న కొండేమో నీళ్లలో పోయె. ఒరేయ్, నా మరదలు పేరు పుస్తకాల్లో ఉంటే నీకెందుకురా కడుపుమంట?"

"లేని మొక్కక్కా అది."

"మనిషీ లేదు కదరా."

అక్క ఆ మాట అనేసి, తనే లేచి ఎంగిలి చేత్తోనే కుళాయి తిప్పి నిలబడింది. బాబాయి మంచినీళ్లు తాగాడు. ఈ మాటకైనా ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టాలి అనుకున్నాడు. పుట్టలేదు. పేరు ఉండాలని ఉంది, అంతే. దాహం లేకపోయినా గ్లాసు ఎత్తినట్టు, ఉండాలని ఉంది.

శనివారం పొద్దున్నే బీరువా తెరిచి, చిట్టాలో దాని తర్వాతి నంబరు అట్ట తీశాడు. అదీ ఆ కొండవాలు నుంచి వచ్చిందే. అందరికీ తెలిసిన తీగ. దానికి ఆరు పువ్వులు, ఆరింటికీ తోకలు. ఏడో కాడ బోడిగా ఉంది. దాన్ని పట్టుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"నీ పువ్వు దీనిదమ్మా. అతికించింది నేను."

ఆమె భూతద్దం కింద ఒకటి చూసింది, రెండోది చూసింది, మళ్లీ మొదటిది చూసింది. ముఖం పాలిపోయింది.

"ఎవరికైనా చెప్పారా?"

"మా అక్కకి."

"ఆవిడేమంది?"

"నోరు మూసుకోమంది."

"మంచి సలహా ఇచ్చింది," అంది. "ఆర్నెల్ల కిందటే చెప్పుంటే ఏమీ అనేదాన్ని కాదు బాబాయ్. సోమవారం పంపాల్సిన దాన్ని శనివారం... నన్నేం చేద్దామనుకున్నారు మీరు?"

ఆమె కోపంగా అరిస్తే బాగుండుననిపించింది బాబాయికి, అరవలేదు. తెర మీది పువ్వు ఆర్పేసింది.

"ఊడదీసేయనా? నీళ్లు తడిపితే నా జిగురు నా మాట వింటుంది."

"వద్దు. ఇక్కడ తప్పు దొరికితే చెరపం కదా, చీటీ రాసి పక్కన అంటిస్తాం. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. పేర్ల మీద పండితులు ఒకరినొకరు తిట్టుకుంటూ రాసిన చీటీలు ఆయన వేలల్లో అంటించాడు. ఒక అట్ట మీదైతే చీటీలు పెరిగి పెరిగి మొక్కే కనిపించకుండా పోయింది. తను మాత్రం ఒక్కటీ రాయలేదు. ఆమె ఖాళీ చీటీ ముందుకు తోసింది.

"మీరే రాయండి. పేరు, తేదీ వెయ్యండి."

బాబాయి ఒద్దికగా, మూడో తరగతి పిల్లాడి అక్షరాలతో రాశాడు. 'ఈ పువ్వు ఈ మొక్కది కాదు. తర్వాతి నంబరుది. అతికించింది నేను.' కలం పైకెత్తి ఆగాడు. మళ్లీ వంగి ఇంకో వరస రాశాడు. 'అంతకు రెండు వారాల ముందు నా భార్య చనిపోయింది.' దాని కింద ఆమె పేరు రాశాడు. ఆ కింద తన పేరు, తేదీ.

డాక్టరమ్మ చదివింది. రెండోసారీ చదివింది.

"ఇలాంటివి చీటీల మీద రాయరు బాబాయ్."

"చెరపరుగా మరి," అన్నాడు బాబాయి.

ఆమె జిగురు గిన్నె ఆయన వైపు జరిపింది.